బడితో పేచీ వస్తే కోర్టుకెక్కకుండా తేల్చుకోవడం ఎలా: ప్రత్యేక అవసరాల పిల్లల తల్లిదండ్రుల కోసం

"మీ బాబును మేం చూసుకోలేకపోతున్నాం, వేరే స్కూల్ చూసుకోండి." ఆటిజం, వినికిడి లోపం, బుద్ధి ఎదుగుదల తక్కువగా ఉండటం, చదవడం రాయడంలో ఇబ్బంది... సమస్య ఏదైనా, ఈ మాట వినని తల్లిదండ్రులు తక్కువ. హనుమకొండలో పెద్ద ఇంగ్లిష్ మీడియం స్కూల్ అయినా, నర్సంపేట పక్కన ఊరి సర్కారు బడి అయినా ఇదే మాట. అది విన్న క్షణంలో కొందరు అవమానంతో అక్కడికక్కడే టీసీ అడిగి తెచ్చుకుంటారు. కొందరు "మిమ్మల్ని కోర్టుకు ఈడుస్తా" అని లేచి వస్తారు. టీసీ తెచ్చుకుంటే బడి బాధ్యత అక్కడితో తీరిపోయినట్టే. కోర్టు పేరెత్తితే ఆ రోజు నుంచి బడి వాళ్లు పిల్లాడి సంగతి పక్కనపెట్టి, తమను కాపాడుకునే కాగితాలు తయారు చేసుకుంటారు. కేసు తేలేలోపు పిల్లాడు రెండు మూడు తరగతులు దాటిపోతాడు, పోయిన ఏడాదిని ఏ తీర్పూ తిరిగి ఇవ్వదు. కోర్టు కంటే ముందు ఎక్కగలిగిన మెట్లు చాలానే ఉన్నాయి. వాటికి వకీలు అక్కర్లేదు, ఖర్చు జిరాక్సులకూ స్పీడ్ పోస్టుకూ మించదు.

అడిగేది ఏమిటో ముందు తేల్చుకోండి

"మా పాపను సరిగా చూడట్లేదు" అంటే హెడ్‌మాస్టర్ "చూస్తూనే ఉన్నాం కదమ్మా" అంటారు. మాట అక్కడే ఆగిపోతుంది. అదే "బోర్డు మీద రాసింది పాపకు కనపడట్లేదు, సోమవారం నుంచి మొదటి బెంచీలో కూర్చోబెట్టండి, మిగిలిపోయిన నోట్స్ పక్క పిల్ల పుస్తకంలోంచి ఫోటో తీసుకోనివ్వండి" అంటే అది చేయగలిగిన పని. చేశారో లేదో వారంలో తెలుస్తుంది. ప్రతి ఫిర్యాదునూ ఇలా మార్చి రాసుకోండి: ఏం చేయాలి, ఎవరు చేయాలి, ఎప్పటి నుంచి. ఒక్కసారికి మూడుకు మించి అడగొద్దు. పదిహేను డిమాండ్లు పెడితే బడి వాళ్లు తేలికైన రెండు ఒప్పుకొని మిగతావి వదిలేస్తారు, ఆ మిగతా వాటిలోనే పిల్లకు అత్యవసరమైనది ఉంటుంది.

చట్టం మీకు ఏమిస్తుందో తెలిసి ఉంటే గొంతు పెంచాల్సిన అవసరం రాదు. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 ఆ మరుసటి ఏడాది ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది, 21 రకాల వైకల్యాలను గుర్తిస్తుంది. దాని 16వ సెక్షన్ ప్రభుత్వ నిధులతో నడిచే బడులతో పాటు ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రైవేటు బడులకూ వర్తిస్తుంది. వివక్ష లేకుండా చేర్చుకోవడం, పిల్లవాడి అవసరానికి తగ్గ సర్దుబాట్లు చేయడం, చదవడం రాయడంలో ఇబ్బంది ఉన్న పిల్లలను వీలైనంత త్వరగా గుర్తించడం బడి బాధ్యతలని అందులో ఉంది. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే స్క్రైబ్, రెండో మూడో భాషల మినహాయింపు 17వ సెక్షన్‌లో ఉన్నాయి. విద్యాహక్కు చట్టం, 2009 ప్రకారం చేర్చుకునేటప్పుడు పిల్లలకు పరీక్ష పెట్టి వడపోయకూడదు, కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు, 8వ తరగతి పూర్తయ్యే దాకా బడి నుంచి తీసేయకూడదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మైనారిటీ విద్యాసంస్థలకు విద్యాహక్కు చట్టం వర్తించదని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. మన దగ్గర మిషనరీ స్కూళ్లు చాలా ఉన్నాయి కాబట్టి ఇది గుర్తుంచుకోండి: అలాంటి చోట విద్యాహక్కు చట్టం పేరెత్తితే మాట చెల్లదు, 2016 చట్టాన్నే పట్టుకోవాలి. ఇంకో సంగతి, ఆ 2016 చట్టం 31వ సెక్షన్ చెప్పే ఉచిత విద్య 6 నుంచి 18 ఏళ్ల లోపు, 40 శాతం లేదా అంతకు మించిన వైకల్యం ఉన్న పిల్లలకు, దగ్గరి బడిలోనో వాళ్లు కోరుకున్న ప్రత్యేక పాఠశాలలోనో. దాన్ని చూపించి ప్రైవేటు స్కూల్ ఫీజు మాఫీ అడిగితే అసలు విషయం పక్కదారి పడుతుంది.

ఫైలు

ఒక ఫైలు కొనండి. అందులో తేదీల వారీగా కాగితాలు పెట్టండి: యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) లేదా సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) నకలు, డాక్టర్ లేదా సైకాలజిస్టు రిపోర్టులు, ప్రోగ్రెస్ కార్డులు, డైరీలో టీచర్ రాసిన మాటలు, ఫీజు రసీదులు, నోటుబుక్కుల్లో నాలుగైదు పేజీల జిరాక్సులు. ఒరిజినల్ సర్టిఫికెట్ ఎవరు అడిగినా ఇవ్వొద్దు, చూపించి వెనక్కి తీసుకోండి. ఫీజు బాకీ ఉంటే ముందు అది కట్టేయండి, కట్టలేకపోతే వాయిదాలు రాయించుకోండి. బాకీ ఉన్నప్పుడు మొదలైన ఏ చర్చా పిల్లాడి దగ్గర ఉండదు, తిరిగి తిరిగి ఫీజు దగ్గరికే వస్తుంది.

సర్టిఫికెట్ లేదని ఆగిపోవద్దు. 16వ సెక్షన్‌కు 40 శాతం నిబంధన లేదు. చదవడం రాయడంలో ఇబ్బందికి సర్టిఫికెట్ సాధారణంగా 8 ఏళ్ల వయసు నుంచే ఇస్తారు, కాబట్టి ఒకటో తరగతి పిల్లకు "సర్టిఫికెట్ తెస్తేనే ఏమైనా చేస్తాం" అనడం తగదు. అంచనా వేయించడానికి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో బుద్ధి ఎదుగుదల లోపాల మీద పనిచేసే జాతీయ సంస్థ నీపిడ్‌కు వెళ్లవచ్చు. సర్కారు బడి పిల్లలైతే పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం బడికి వచ్చే ఆర్‌బీఎస్‌కే వైద్య బృందం దగ్గర పేరు రాయించి, మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రంలో పనిచేసే ఐఈఆర్‌పీని (ఈ పిల్లలకు నేర్పే రిసోర్స్ పర్సన్‌ను) కలవండి. పేచీ లేనప్పుడే ఐఈఆర్‌పీతో పరిచయం పెంచుకోవడం మంచిది. పిల్లాడిని ఎరిగిన, శిక్షణ ఉన్న, బడి వాళ్లు కూడా తమ మనిషిగా చూసే వ్యక్తి మండలంలో ఇంకొకరు దొరకడం కష్టం.

గొడవ ప్రవర్తన గురించి అయితే, అంటే కొట్టాడు, కొరికాడు, బయటికి పరుగెత్తాడు అంటుంటే, రెండు వారాల పాటు ఒక పట్టిక రాయమని టీచర్‌ను బతిమాలైనా ఒప్పించండి. నాలుగే గడులు: ఎన్ని గంటలకు, అంతకు ముందు ఏం జరిగింది, పిల్లాడు ఏం చేశాడు, తర్వాత పెద్దలు ఏం చేశారు. రెండు వారాల తర్వాత చూస్తే వరుస కనపడుతుంది. లంచ్ బెల్లు మోగే ముందు, లేదా సార్ రాకుండా ఖాళీ పీరియడ్ ఉన్నప్పుడు, లేదా మధ్యాహ్నం ఇంటికి పంపించేస్తారని పిల్లాడికి అర్థమైన తర్వాతే గొడవ పెరిగిందని తెలుస్తుంది. చివరిది చాలా చోట్ల జరుగుతుంది: అల్లరి చేస్తే ఇంటికి పంపుతారు, ఇంటికి పోవాలని పిల్లాడు మళ్లీ అల్లరి చేస్తాడు. పట్టిక లేకుండా ఇది ఎవరికీ కనపడదు, తప్పు పిల్లాడిదిగానే మిగిలిపోతుంది.

మొదటి ఉత్తరం

నోటి మాటతో మొదలుపెట్టండి, కానీ వారంలో కదలిక లేకపోతే రాతలోకి రండి. ఉత్తరం ఒక పేజీ దాటొద్దు. నిందలు వద్దు, తేదీలు ఉండాలి. ఇలా రాయవచ్చు:

"గౌరవనీయులైన ప్రిన్సిపల్ గారికి, మా బాబు మీ స్కూల్లో 3వ తరగతి బి సెక్షన్ చదువుతున్నాడు. వాడికి ఆటిజం ఉంది, సర్టిఫికెట్ నకలు జత చేశాం. ఈ నెలలో నాలుగు రోజులు మధ్యాహ్నమే ఇంటికి తీసుకుపొమ్మని ఫోన్ వచ్చింది, ఆ తేదీలు కింద రాశాం. బాబు పూర్తి రోజు బడిలో ఉండేలా ఏం మార్పులు చేయవచ్చో మాట్లాడటానికి మీరు, క్లాస్ టీచర్, మేము కలిసి 45 నిమిషాలు కూర్చుందామని కోరుతున్నాం. మా సూచనలు మూడు: శబ్దం ఎక్కువైనప్పుడు పది నిమిషాలు లైబ్రరీలో కూర్చోనివ్వడం, రోజు టైంటేబుల్ బొమ్మలతో డెస్కు మీద అంటించడం, పీటీ పీరియడ్‌లో తోడుగా ఒక పెద్ద తరగతి విద్యార్థిని పెట్టడం. ఇవి దివ్యాంగుల హక్కుల చట్టం, 2016, 16వ సెక్షన్ చెప్పే సర్దుబాట్ల కిందికి వస్తాయని మా నమ్మకం. 10 రోజుల్లో తేదీ తెలియజేయగలరు."

రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి ఆఫీసులో ఇచ్చి, రెండోదాని మీద స్టాంపు, తేదీ, సంతకం వేయించుకోండి. "సార్ లేరు, అక్కడ పెట్టి పోండి" అంటే పెట్టి రావొద్దు. అదే రోజు స్కూల్ ఈమెయిల్‌కు పంపి, స్పీడ్ పోస్టులో కూడా వేయండి, అందినట్టు వచ్చే వివరం ప్రింట్ తీసి ఫైల్లో పెట్టండి. పైమెట్టులో ఎవరి దగ్గరికి వెళ్లినా అడిగే మొదటి ప్రశ్న "బడికి రాసి ఇచ్చారా?" అన్నదే.

పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో మాత్రం ఈ సంగతి ఎత్తొద్దు. అక్కడ టీచర్ పేరు బయటపడిందంటే బడి మొత్తం ఆమె పక్కన నిలబడుతుంది, మిగతా తల్లిదండ్రులు భయపడి మీ పిల్లాడికి దూరం జరుగుతారు.

కూర్చుని మాట్లాడేటప్పుడు

జూన్‌లో బడి తెరిచిన రెండు మూడు వారాలకు కూర్చోవడం అన్నిటికంటే మంచిది, మార్చి ఏప్రిల్‌లో పరీక్షల హడావుడిలో ఎవరూ వినరు. తల్లీ తండ్రీ ఇద్దరూ వెళ్లండి. ఒక్కరే వెళ్లాల్సి వస్తే నోట్స్ రాసుకోవడానికి నెమ్మదస్తుడైన ఒక బంధువును తీసుకెళ్లండి. కార్పొరేటర్‌నో, సంఘం నాయకుణ్నో వెంటేసుకుని పోతే ఆ రోజు తల ఊపుతారు, మరునాటి నుంచి క్లాసులో పిల్లాడితో మాట్లాడేవాళ్లు ఉండరు. నిర్ణయం తీసుకోగలిగిన మనిషి ఎదురుగా ఉండాలి. ప్రైవేటు స్కూళ్లలో చాలాసార్లు ఆ మనిషి ప్రిన్సిపల్ కాదు, కరస్పాండెంట్. అందుకే అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగండి.

మొదటి ఐదు నిమిషాలు టీచర్‌కు ఇవ్వండి. నలభై మంది పిల్లల మధ్య ఆమె పడుతున్న ఇబ్బంది నిజమైనదే, అది విన్నామని తెలిస్తే ఆమె మీ వైపు నిలబడే అవకాశం ఎక్కువ. తర్వాత మీరు అడగదలచిన మూడు విషయాలు ఒక్కొక్కటే తీయండి.

మూడు రకాల అడ్డంకులు తప్పకుండా వస్తాయి. "మిగతా పేరెంట్స్ ఒప్పుకోవట్లేదు" అంటే, ఏ తేదీన ఏం జరిగిందో చెప్పమనండి, దానికి పరిష్కారం మాట్లాడండి. ఇతరులకు ఇష్టం లేకపోవడం పిల్లాడిని తీసేయడానికి కారణం కాదు. "మా దగ్గర స్పెషల్ ఎడ్యుకేటర్ (ఇలాంటి పిల్లలకు నేర్పే శిక్షణ ఉన్న టీచర్) లేరు" అంటే, సీబీఎస్‌ఈ స్కూల్ అయితే వాళ్ల బోర్డు నియమమే ఒకరు ఉండాలంటుందని గుర్తుచేయండి. ప్రాథమిక స్థాయిలో 10 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, ప్రాథమికోన్నత స్థాయిలో 15 మందికి ఒకరు ఉండాలని కేంద్రం 2022 సెప్టెంబర్‌లో నోటిఫికేషన్ ఇచ్చింది. ఎవరినైనా పెట్టారంటే ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగడం మీ హక్కు.

మూడోది, అన్నిటికంటే ఎక్కువ సంబంధాలు తెగిపోయేది, షాడో టీచర్ (క్లాసులో పిల్లాడి పక్కనే ఉండే తోడు మనిషి) ఖర్చు. "మీరే పెట్టుకుని జీతం ఇచ్చుకోండి, లేదంటే పంపొద్దు" అంటారు. తోడు మనిషి ఖర్చు మీరు ఒప్పుకుంటేనే సీటు అని షరతు పెట్టడం వివక్షే. అదే సమయంలో బడి చేయాల్సిన సర్దుబాటు దాని మీద మోయలేని భారం కాకూడదని కూడా చట్టమే చెబుతుంది. ఈ రెంటి మధ్య దారి ఉంది. రోజంతా తోడు అవసరమా అన్నది ముందు పట్టికతో తేల్చండి, చాలామంది పిల్లలకు కష్టమైన రెండు పీరియడ్లలోనే అవసరం పడుతుంది. ఆ సమయానికి బడిలో ఉన్న ఆయానో, ఖాళీ పీరియడ్ ఉన్న టీచర్‌నో కేటాయించమనండి. మీరే మనిషిని పంపడానికి సిద్ధపడితే, బడి ఆమెను క్లాసులోకి రానివ్వాలనీ, ఆమె క్లాస్ టీచర్ చెప్పినట్టు నడుచుకోవాలనీ, మూడు నెలల తర్వాత గంటలు తగ్గించే సంగతి చూడాలనీ రాయించుకోండి. తగ్గించే ప్రణాళిక లేని షాడో టీచర్ వల్ల పిల్లాడు క్లాసులోనే ఉండి కూడా క్లాసుకు దూరమవుతాడు, టీచర్ వాడివైపు చూడటమే మానేస్తుంది.

లేచే ముందు, ఒప్పుకున్నవి ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు చేయండి. సంతకానికి వెనకాడితే పట్టుబట్టొద్దు. ఆ సాయంత్రమే మెయిల్ పంపండి: "ఈ రోజు మాట్లాడుకున్నట్టు, సోమవారం నుంచి క్లాస్ టీచర్ గారు ఫలానా చేస్తారు, మేము ఇంట్లో ఫలానా చేస్తాం, ఆరు వారాల తర్వాత మళ్లీ కూర్చుంటాం. ఏదైనా తప్పుగా రాసి ఉంటే తెలియజేయండి." జవాబు రాకపోయినా ఆ మెయిల్ రుజువుగా నిలుస్తుంది. "శ్రద్ధ చూపుతాం", "వీలైనంత చేస్తాం" లాంటి మాటలు ఒప్పందంలో ఉండనివ్వకండి, వాటిని ఎవరూ కొలవలేరు.

బడి దాటి పైకి

రెండు ఉత్తరాలకు జవాబు లేకపోయినా, ఒప్పుకున్నది చేయకపోయినా ఎంఈఓకు, అక్కడి నుంచి డీఈఓకు రాయండి. ఓరుగల్లు నగరంలో చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. 2021లో పేర్లు, హద్దులు మారిన తర్వాత ఒకే నగరం రెండు జిల్లాల్లో ఉంది. హనుమకొండ, కాజీపేట, హసన్‌పర్తి వైపు స్కూల్ అయితే హనుమకొండ డీఈఓ, వరంగల్, ఖిలా వరంగల్ వైపు అయితే వరంగల్ డీఈఓ. చూడాల్సింది స్కూల్ ఎక్కడుందో, మీ ఇల్లు ఎక్కడుందో కాదు. తప్పు ఆఫీసులో ఇచ్చిన దరఖాస్తు బదిలీ అయ్యేలోపు నెల గడిచిపోతుంది. ఇన్‌వార్డ్ నంబర్ తీసుకోకుండా ఆఫీసు గడప దాటొద్దు.

సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి వెళ్లవచ్చు, కానీ మొదటి మెట్టుగా కాదు. అక్కడ ఇచ్చిన అర్జీ డీఈఓకు, అక్కడి నుంచి ఎంఈఓకు, చివరికి అదే హెడ్‌మాస్టర్ దగ్గరికి రిపోర్టు కోసం వస్తుంది. మీ దగ్గర స్టాంపు వేసిన పాత ఉత్తరాలు లేకపోతే "తల్లిదండ్రులతో మాట్లాడాం" అనే ఒక్క వాక్యంతో అర్జీ మూసేస్తారు. నకళ్లు జత చేసిన అర్జీని అంత తేలిగ్గా మూయలేరు. ర్యాంపు, టాయిలెట్ లాంటి వసతుల సంగతి అయితే సర్కారు బడుల్లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీతో మాట్లాడటం దగ్గరి దారి.

సర్కారు బడి మీద 2016 చట్టం 23వ సెక్షన్ కింద ఫిర్యాదు పరిష్కార అధికారికి రాస్తే, నమోదైన రెండు వారాల్లో విచారించాలి. తృప్తి లేకపోతే జిల్లా స్థాయి కమిటీకి వెళ్లవచ్చు. డీఈఓ ఆఫీసులో మీ ఫైలు ఏమైందో తెలియకపోతే 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు వేయండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. "నా ఫలానా తేదీ దరఖాస్తు మీద తీసుకున్న చర్యల నకళ్లు ఇవ్వండి" అని ఒకే ప్రశ్న అడగండి.

జిల్లాలో తేలకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు తెల్లకాగితం మీద రాయవచ్చు. కమిషనర్‌కు అవతలి పక్షాన్ని పిలిపించే, కాగితాలు తెప్పించే సివిల్ కోర్టు అధికారాలు ఉన్నాయి. సిఫారసు చేస్తే సంబంధిత అధికారి మూడు నెలల్లో ఏం చేశారో చెప్పాలి. విద్యాహక్కు చట్టం కింది ఫిర్యాదులకు రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ఉంది.

ఇద్దరినీ కూర్చోబెట్టే మూడో మనిషి కావాలనుకుంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, హనుమకొండలో అదాలత్ అనే కూడలి దగ్గర కోర్టుల ప్రాంగణంలో అడిగితే చెబుతారు. ఫోన్ 15100. దివ్యాంగులకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం అందుతుంది. కేసు వేయకుండానే ప్రీ లిటిగేషన్ దరఖాస్తు పెడితే బడికి నోటీసు వెళ్తుంది. రాజీ కుదిరి లోక్ అదాలత్‌లో అవార్డు అయితే అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. అందుకే సంతకం పెట్టే ముందు ప్రతి వాక్యం చదివించుకోండి. బడి వాళ్లు రాకపోతే మాత్రం రాజీకి బలవంతపెట్టడం కుదరదు.

రాజీ పడకూడనివి

కొట్టడం, కట్టేయడం, గదిలో పెట్టి గడియ వేయడం, లైంగిక వేధింపు... వీటికి మీటింగులు, ఒప్పందాలు వద్దు. అదే రోజు 1098కి ఫోన్ చేయండి, దెబ్బలుంటే ఆస్పత్రిలో చూపించి రాయించండి, పోలీసు ఫిర్యాదు ఇవ్వండి. లైంగిక దాడిని దాచిపెట్టడం పోక్సో చట్టం కింద బడికి కూడా నేరమే. "బడి పేరు పోతుంది, లోపల్లోపల చూసుకుందాం" అనే పెద్దమనుషులకు తావివ్వకండి. మాట్లాడలేని పిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం, వాళ్ల తరఫున చెప్పేది మీరొక్కరే.

ఒప్పందం తర్వాత

ఆరు వారాల సమీక్ష తేదీని వదిలేయడం వల్లే ఎక్కువ ఒప్పందాలు చచ్చిపోతాయి. బతుకమ్మ, దసరా సెలవుల ముందు ఒకసారి, సంక్రాంతి తర్వాత ఒకసారి కూర్చోవడం పెట్టుకోండి. జరిగిన మంచిని కూడా రాతలో చెప్పండి. టీచర్‌కు ఒక కృతజ్ఞతా పత్రం రాసి కాపీ ప్రిన్సిపల్‌కు ఇవ్వండి, ఆమె కష్టం పైవాళ్లకు తెలియాల్సిందే.

పరీక్షల వెసులుబాట్లు ముందే అడగాలి. పదో తరగతి నామినల్ రోల్ (పరీక్ష రాసే పిల్లల జాబితా) పంపే సమయానికే వైకల్యం వివరాలు అందులో పడాలి, హెడ్‌మాస్టర్ ద్వారా స్క్రైబ్ దరఖాస్తు వెళ్లాలి. హాల్ టికెట్ వచ్చాక పరుగెత్తితే చాలాసార్లు ఆలస్యమే. సీబీఎస్‌ఈలో 3 గంటల పేపరుకు 60 నిమిషాలు, 2 గంటల పేపరుకు 40 నిమిషాలు అదనంగా ఇస్తారు. ఆ వెసులుబాటు మామూలు యూనిట్ టెస్టుల నుంచే అమలు చేయమనండి, అదనపు సమయాన్ని వాడుకోవడం కూడా పిల్లలకు అలవాటు కావాలి.

ఏప్రిల్‌లో పాత క్లాస్ టీచర్‌తో ఒక పేజీ రాయించుకోండి: పిల్లాడికి ఏది పనిచేసింది, ఏది పనిచేయలేదు, గొడవ మొదలయ్యే ముందు ఏ గుర్తులు కనపడతాయి. జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలో దాన్ని, సంతకాలున్న ఒప్పందం నకలుతో కలిపి, కొత్త క్లాస్ టీచర్ చేతికి ఇవ్వండి.